ఫైలు ఒక జిల్లాలో, హక్కుదారు ఇంకో జిల్లాలో: చిత్తూరు, తిరుపతి ఆఫీసుల జ్ఞాపకశక్తికి ఏమైంది?

2024 జూలై 21, ఆదివారం రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచాయి. రెండు వేలకు పైగా ఫైళ్లు కాలిపోయాయని అధికారులు తర్వాత చెప్పారు. డీజీపీ హెలికాప్టర్‌లో వచ్చి చూశారు. కేసు సీఐడీ చేతికి వెళ్లింది. రెవెన్యూ శాఖ స్పెషల్ చీఫ్ సెక్రటరీ మదనపల్లెలో కూర్చుని జనం దగ్గర అర్జీలు తీసుకున్నారు. మంట ఎలా అంటుకుంది, వెనుక ఎవరైనా ఉన్నారా అన్నది దర్యాప్తు, కోర్టు తేల్చాల్సిన విషయం.

ఈ సంఘటన మీద రాజకీయ చర్చ చాలా జరిగింది. ఒక మామూలు ప్రశ్న మాత్రం పక్కకు పోయింది. ఒక్క ఆఫీసులో కాగితాలు కాలితే ఇన్ని కుటుంబాల భూమి సంగతి గాల్లో ఎందుకు వేలాడాలి? ఆ ఫైల్లో ఉన్న విషయం తహసీల్దార్ ఆఫీసుకు, కలెక్టరేట్‌కు, సబ్ రిజిస్ట్రార్‌కు ముందే తెలిసి ఉంటే, కాలింది కాగితమే అయ్యేది. హక్కుకు ఏమీ అయ్యేది కాదు.

మేనేజ్‌మెంట్ చదువుల్లో దీన్ని నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ అంటారు. పేరు పెద్దది, విషయం చిన్నది. ఆఫీసుకు తెలిసింది మనిషి మారినా ఆఫీసులోనే ఉండాలి. పక్క ఆఫీసుకు అవసరమైనప్పుడు అందాలి. ఈ రెండూ జరగకపోతే ఆ బరువు జనం మీద పడుతుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరు నిండా జిరాక్సులు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లు చేస్తున్న పని అదే. ప్రభుత్వం గుర్తుపెట్టుకోవాల్సిన దాన్ని వాళ్లు మోస్తున్నారు.

ఒకే ఊరికి ఎన్ని చిరునామాలు?

చిత్తూరు జిల్లా పుట్టిందే అతుకుల మీద. 1911 ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి చిత్తూరు, పలమనేరు, తిరుపతి వైపు ప్రాంతాలను, కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడులను తీసి ఈ జిల్లా చేశారు. పుంగనూరు, శ్రీకాళహస్తి లాంటి జమీందారీలు కూడా ఇందులో కలిశాయి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు వైపు కొన్ని గ్రామాలు ఇటు వచ్చాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత చిత్తూరులో ఒక భాగం చిత్తూరుగానే మిగిలింది. ఒక భాగం నెల్లూరు నుంచి వచ్చిన గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరితో కలిసి తిరుపతి జిల్లా అయింది. మదనపల్లె, పీలేరు వైపు అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. 2025 చివర్లో ప్రభుత్వం హద్దులు మళ్లీ కదిపి, మదనపల్లెను జిల్లా కేంద్రం చేయాలని నిర్ణయించింది.

జిల్లాలు చిన్నవైతే కలెక్టర్ దగ్గరవుతారు. ఆ మాట నిజమే. అయితే బోర్డు మార్చినంత సులువుగా ఫైలు మారదు.

ఉదాహరణకు కలికిరిలో పొలం ఉన్న కుటుంబాన్ని అనుకుందాం. తాత పేరు మీద పాత అర్జీ చిత్తూరు కలెక్టరేట్‌లో పెట్టారు. దాని మీద విచారణ మదనపల్లె డివిజన్ ఆఫీసులో జరిగింది. 2022లో జిల్లా కేంద్రం రాయచోటి అయింది. ఇప్పుడు ఆ ఫైలు ఎక్కడుంది? చిత్తూరు వాళ్లు పంపించేశామంటే, రాయచోటి వాళ్లు మాకు రాలేదంటే, మధ్యలో ఆ కుటుంబం ఎవరిని అడగాలి? విభజన రోజున ఏ ఫైలు ఎటు పోయిందో చెప్పే జాబితా జనానికి కనిపించేలా ఉంటే ఈ తిరుగుడు ఉండదు. అది లేకపోతే తేడా తెలిసేది పాత సెక్షన్ క్లర్కుకే. ఆయన రిటైర్ అయితే ఆ తెలివి కూడా ఆయనతో ఇంటికి వెళ్లిపోతుంది.

కరణం పెట్టె నుంచి వాలంటీర్ ఫోన్ దాకా

ఇది కొత్త జబ్బు కాదు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం వంశపారంపర్య కరణం, మునసబు పదవులు రద్దు చేసింది. ఊరి భూమి లెక్క మొత్తం ఒక కుటుంబం గుప్పిట్లో ఉండటం అన్యాయం. ఆ నిర్ణయం వల్ల పేద రైతుకు ఊపిరి ఆడింది. కానీ ఏ గట్టు ఎక్కడ కదిలింది, ఎవరి వాటా నోటిమాట మీద ఎవరికి పోయింది అన్నది కరణం రాసుకున్న కాగితాల్లో సగం, బుర్రలో సగం ఉండేది. పదవి పోయింది. బుర్రలో ఉన్నదాన్ని రాయించుకునే ఏర్పాటు మాత్రం సరిగ్గా జరగలేదు. ఆ ఖాళీ ఇప్పటికీ కోర్టు కేసుల్లో కనిపిస్తుంది.

అదే కథ 2024లో ఇంకో రూపంలో వచ్చింది. 2019లో వచ్చిన వాలంటీర్ ఒక్కొక్కరు సుమారు 50 ఇళ్లు చూసుకునేవారు. ఏ ఇంట్లో ముసలమ్మ మంచం దిగలేదు, ఎవరికి వేలిముద్ర పడదు, ఎవరి రేషన్ కార్డులో కోడలి పేరు ఎక్కలేదు అన్నది వాళ్లకు కంఠతా వచ్చు. 2024 ఎన్నికల ముందు పింఛన్ల పంపిణీ నుంచి ఎన్నికల సంఘం వాళ్లను తప్పించింది. ఆ జూలై నుంచి కొత్త ప్రభుత్వం సచివాలయ సిబ్బందితో పింఛన్లు ఇప్పిస్తోంది. వాలంటీర్ వ్యవస్థ మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ఆ ఇళ్ల గురించి వాళ్లకు తెలిసింది ఒక రిజిస్టర్‌లోకి ఎక్కిందా లేదా అన్నదే ఇక్కడ ప్రశ్న.

ఆఫీసర్ల సంగతి కూడా ఇంతే. నాలుగేళ్లలో మూడేళ్లు ఒకే జిల్లాలో ఉన్నవాళ్లను ఎన్నికల ముందు బదిలీ చేయాలని ఎన్నికల సంఘం నియమం. 2024లో తహసీల్దార్లు ఇలాగే జిల్లాలు మారారు. నియమం సరైనదే, నిష్పాక్షికత కోసం అది కావాలి. బదిలీ రోజున పాత ఆఫీసరు, కొత్త ఆఫీసరు చార్జ్ కాగితం మీద సంతకాలు పెడతారు. అందులో తాళం చెవులు, రిజిస్టర్లు, క్యాష్ బుక్ ఉంటాయి. పెండింగ్‌లో ఉన్న 40 గొడవల్లో ఏది ఎందుకు ఆగిందో, ఎవరికి ఏం హామీ ఇచ్చారో దాంట్లో ఉండదు.

కామర్స్ చదివిన ఎవరికైనా ఇది వింతగా అనిపిస్తుంది. చిన్న కిరాణా కొట్టులో కూడా మార్చి 31 నాటి క్లోజింగ్ బ్యాలెన్స్ ఏప్రిల్ 1న ఓపెనింగ్ బ్యాలెన్స్ అవుతుంది. ఎవరూ సున్నాతో కొత్త లెడ్జర్ మొదలుపెట్టరు. తెలిసిన సంగతుల విషయంలో ప్రభుత్వ ఆఫీసు మాత్రం ప్రతి బదిలీకీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. ‘మొదటి నుంచి చెప్పండి’ అని అర్జీదారుని అడగడం అంటే అర్థం అదే.

ఉమీద్ పోర్టల్ పెట్టిన పరీక్ష

ముస్లిం కుటుంబాలకు ఈ విషయం బాగా తగిలింది 2025లో. వక్ఫ్ సవరణ చట్టం వచ్చాక కేంద్రం జూన్ 6న ఉమీద్ పోర్టల్ ప్రారంభించింది. ప్రతి వక్ఫ్ ఆస్తి వివరాలు ఆరు నెలల్లో ఎక్కించాలంది. సెప్టెంబర్ 15న సుప్రీంకోర్టు చట్టంలోని కొన్ని నిబంధనల మీద స్టే ఇచ్చింది, రిజిస్ట్రేషన్ షరతును ఆపలేదు. గడువు పెంచమని అడిగితే డిసెంబర్ 1న ఒప్పుకోలేదు, ట్రిబ్యునల్‌కు వెళ్లమంది. తగిన కారణం చూపితే ట్రిబ్యునల్ ఆరు నెలల వరకు గడువు ఇవ్వొచ్చని చట్టంలోనే ఉంది.

గడువు ముగిశాక కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ ఇచ్చిన లెక్క ఇది. దేశం మొత్తం మీద 5,17,040 ఆస్తుల వివరాలు ఎక్కించడం మొదలుపెట్టారు. వాటిలో 2,16,905 ఆమోదం పొందాయి. 2,13,941 పరిశీలనలో ఉన్నాయి. 10,869 తిరస్కరించారు. అంటే మొదలుపెట్టిన వాటిలో ఆమోదం దాకా వెళ్లింది నూటికి 42. ఈ మూడూ కూడినా 5.17 లక్షలకు 75 వేలు తక్కువే. అవి సమర్పించే దశకు కూడా చేరలేదన్నమాట.

చట్టం మీద అభిప్రాయాలు ఎలాగైనా ఉండొచ్చు. పోర్టల్ బయటపెట్టిన సంగతి మాత్రం వేరు. మేకర్ అంటే ముతవల్లీ. ఆయన ఎక్కించింది చెకర్ చూడాలి, అప్రూవర్ ఆమోదించాలి. ముతవల్లీకి కావాల్సిన కాగితాలు మాత్రం ఒక చోట లేవు. గెజిట్ వక్ఫ్ బోర్డు దగ్గర, సర్వే రికార్డు సర్వే శాఖ దగ్గర, అడంగల్, 1-బి రెవెన్యూ దగ్గర, దస్తావేజు నకలు సబ్ రిజిస్ట్రార్ దగ్గర. ప్రభుత్వంలోనే ఉన్న నాలుగు ముక్కల్ని ప్రభుత్వానికే చూపించడానికి, జీతం లేని ముతవల్లీ ఆరు నెలలు తిరగాలి.

ఈ ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. 1954 వక్ఫ్ చట్టం కింద జరిగిన సర్వేల తర్వాత వచ్చిన గెజిట్లలో ఆస్తులు పాత జిల్లా, పాత తాలూకా పేర్లతో ఉంటాయి. వెంకటగిరి కబరస్తాన్‌ను వెతకాలంటే నెల్లూరు జిల్లా కింద చూడాలి, పోర్టల్‌లో మాత్రం తిరుపతి జిల్లా ఎంచుకోవాలి. మదనపల్లె ఈద్గాకు గెజిట్‌లో చిత్తూరు, ఇప్పుడు ఇంకో జిల్లా. దీనికి తోడు 2020 డిసెంబర్‌లో మొదలైన భూముల రీసర్వే వేల గ్రామాల్లో పూర్తయింది. అక్కడ పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. గెజిట్‌లో ఉన్న నంబరు నేల మీద లేదు, నేల మీద ఉన్న నంబరు గెజిట్‌లో లేదు. రెండింటినీ కలిపే కాగితం చూపించలేకపోతే, వందేళ్లుగా జనాజాలు వెళ్తున్న కబరస్తాన్ కూడా కంప్యూటర్‌కు తెలియని స్థలమే.

పైగా 2014లో రాష్ట్రం విడిపోయింది. అంతకుముందు బోర్డు హైదరాబాద్‌లో. 2017 నవంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం అక్కడి వక్ఫ్ బోర్డు రికార్డు గదికి సీల్ వేసింది. ఆస్తులు కాపాడటానికే ఆ పని అన్నారు. కానీ తలుపు మూసినప్పుడు దొంగతో పాటు సొంతదారు కూడా బయటే నిలబడతాడు. ఒక్క గదిలో ఒక్క ప్రతి ఉంటే నిప్పైనా, సీలైనా, చెదలైనా ఫలితం ఒక్కటే.

కంప్యూటర్ పెట్టినంత మాత్రాన చాలదు

ప్రభుత్వం ఏమీ చేయడం లేదంటే అన్యాయం. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. మీభూమిలో అడంగల్ ఇంట్లో కూర్చుని చూడొచ్చు. ఈ-ఆఫీసులో ఫైలు కదలిక తెలుస్తుంది. ఇవన్నీ ముందడుగులే.

అయితే తప్పు సమాచారాన్ని వేగంగా ఇవ్వడం కూడా కంప్యూటర్‌కు వచ్చు. పేర్ల విషయం చూడండి. ఒకే మనిషి ఆధార్‌లో షేక్, రేషన్ కార్డులో షైక్. పట్టాదారు పుస్తకంలో ‘బాషా’కు ఒత్తు పెట్టి ‘భాషా’. తల్లి ఒక చోట బీ, ఇంకో చోట బేగం. ఉర్దూ పేరును ఇంగ్లీషులో ఒకరు, తెలుగులో ఇంకొకరు విన్నట్టు రాసుకున్నారు. ఊరి వీఆర్వోకు వీళ్లంతా ఒకటేనని తెలుసు. పోర్టల్‌కు తెలియదు. వీఆర్వోకు తెలిసింది పోర్టల్‌లోకి వెళ్లే దారి లేకపోతే ఆ కుటుంబం అఫిడవిట్ వెంట అఫిడవిట్ ఇస్తూనే ఉండాలి.

ఎస్టోనియా అనే చిన్న దేశం ఈ పని వేరేగా చేసింది. 2001 నుంచి అక్కడి శాఖల రికార్డులు ఎక్స్-రోడ్ అనే ఏర్పాటు ద్వారా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. అన్నీ తెచ్చి ఒకే పెద్ద గదిలో పోయలేదు. ఎవరి రికార్డు వాళ్ల దగ్గరే ఉంటుంది, అడిగితే పక్క శాఖకు జవాబు వెళ్తుంది. పౌరుడు ఒకసారి ఇచ్చిన వివరాన్ని ప్రభుత్వం మళ్లీ అడగకూడదన్నది అక్కడి సూత్రం. చిత్తూరుకు, ఎస్టోనియాకు పోలిక ఎక్కడ అనొచ్చు. టెక్నాలజీలో పోలిక అక్కర్లేదు, సూత్రంలో ఉంటే చాలు.

ఆ సూత్రం ఇక్కడి పాత రిజిస్టర్లలోనే ఉంది. బ్రిటిష్ కాలపు రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో, జనం డైగ్లాట్ అని పిలిచే దాంట్లో, కొత్త సర్వే నంబరు పక్కనే పాత నంబరు కోసం ఒక కాలమ్ పెట్టారు. నంబరు మారినా దారి తెగకూడదని నూరేళ్ల కిందటి గుమాస్తాకు తెలుసు. ఆ ఒక్క కాలమ్ ఉన్నచోట ఇప్పటికీ గొడవ తీరుతోంది.

ఆఫీసు వైపు నుంచి చూస్తే

ఆఫీసుల్లో పనిచేసేవాళ్ల ఇబ్బంది కూడా నిజమే. జిల్లాలు పెరిగినంతగా సిబ్బంది పెరగలేదు. ఒక జూనియర్ అసిస్టెంట్ మీద రెండు సెక్షన్ల పని. పొద్దున వీడియో కాన్ఫరెన్స్, మధ్యాహ్నం సర్వే, సాయంత్రం ప్రోటోకాల్. ఈ మధ్యలో తెలిసింది రాసిపెట్టడానికి టైం ఎవరిస్తారు? తెలిసింది పంచుకుంటే తన విలువ తగ్గుతుందన్న భయం కూడా కొందరిలో ఉంటుంది. ‘ఆ ఫైలు సంగతి ఆయనకే తెలుసు’ అన్న మాట ఆఫీసులో గౌరవం. కొన్నిచోట్ల అదే మాట లంచానికి మొదటి మెట్టు.

ఇంకో అభ్యంతరం భద్రత. అందరికీ అన్నీ కనిపిస్తే భూమి మీద కన్నేసినవాడికీ కనిపిస్తాయి. వక్ఫ్, దేవాదాయ భూములను రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత జాబితాలో పెడతారు, ఆక్రమణ ఆపడానికే. అదే జాబితాలో పొరపాటున సొంత పట్టా భూమి నంబరు పడి, కూతురి పెళ్లికి అమ్ముకోలేక తిరిగే కుటుంబాలు కూడా ఉన్నాయి. చూసే హక్కు, మార్చే హక్కు రెండూ ఒకటి కాదు. ఎవరు చూశారు, ఎవరు మార్చారు అన్నది నమోదైతే ఎక్కువమంది చూడటం వల్ల రికార్డుకు బలమే పెరుగుతుంది. పదిమంది చూసే పుస్తకంలో దొంగ ఎంట్రీ వేయడం కష్టం.

చేయదగ్గ పనులు

వీటికి కోట్ల ప్రాజెక్టు అక్కర్లేదు. మూడు చిన్న పనులు చాలు. ఒకటి, ప్రతి బదిలీకి చార్జ్ కాగితంతో పాటు రెండు పేజీల నోట్: పెండింగ్ ఏమిటి, ఎందుకు ఆగింది, తర్వాత ఏం చేయాలి. రెండు, పాత సర్వే నంబరు, ఎల్‌పీఎం నంబరు, పాత తాలూకా, ఇప్పటి మండలం, ఇప్పటి జిల్లా పక్కపక్కన ఉండే పట్టిక ప్రతి సచివాలయంలో గోడ మీద, వెబ్‌సైట్‌లో. మూడు, 2022 విభజనలో ఏ ఫైలు ఏ జిల్లాకు వెళ్లిందో చెప్పే జాబితా.

మూడోది దయ మీద ఇచ్చేది కాదు. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 4 ప్రకారం ప్రతి ఆఫీసు తన రికార్డులకు పట్టిక, సూచిక తయారుచేసి పెట్టాలి. సెక్షన్ 6(3) ఇంకా ముఖ్యం. అడిగిన సమాచారం తమ దగ్గర లేక వేరే ఆఫీసులో ఉంటే, దరఖాస్తును ఐదు రోజుల్లో ఆ ఆఫీసుకు వాళ్లే పంపాలి. ‘ఇది మాది కాదు, ఆ జిల్లాకు పోండి’ అని జనాన్ని తిప్పడానికి చట్టంలో చోటు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయిలో ఈ దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. నోటితో అడిగిన ప్రశ్నకు రికార్డు ఉండదు, దరఖాస్తుకు ఉంటుంది.

మస్జిద్ కమిటీలు, అంజుమన్లు చేయాల్సింది కూడా ఉంది. చాలా ఊళ్లలో కబరస్తాన్ కాగితాలు ఒక పెద్దాయన బీరువాలో ఉంటాయి. ఆయన కన్నుమూశాక కొడుకులకు ఏ కాగితం ఏమిటో తెలియదు. ఆఫీసును తప్పు పట్టే ముందు ఈ బీరువా కూడా తెరవాలి. ప్రతి ఆస్తికి ఒక పేజీ చాలు: గెజిట్ తేదీ, పేజీ, పాత నంబరు, కొత్త నంబరు, హద్దులు, దస్తావేజు నంబరు, ఏ సబ్ రిజిస్ట్రార్, ఉమీద్‌లో ఏ దశలో ఉంది. మూడు ప్రతులు, మూడు వేర్వేరు ఇళ్లలో, ఫోన్లలో స్కాన్. ముతవల్లీ మారినప్పుడు జమాత్ ముందు ఆ పేజీ చదివి అప్పగించాలి. బీకాం చదివిన పిల్లలు ప్రతి మొహల్లాలో ఉన్నారు. రెండు ఆదివారాల పని ఇది. ట్రిబ్యునల్‌లో గడువు అడగాలన్నా, ‘పరిశీలన’ దశలో వచ్చే ప్రశ్నలకు జవాబు చెప్పాలన్నా ముందు కావాల్సింది ఈ పేజీయే.

ఉర్దూ చదవగలిగిన పెద్దలు ఉన్నప్పుడే పాత వక్ఫ్‌నామాలను తెలుగులోకి రాయించుకోవడం కూడా అంతే అవసరం. ఇంకో పదేళ్లు ఆగితే కాగితం ఉంటుంది, చదివేవాళ్లు ఉండరు.

అమానత్ అనే మాట ఈ కుటుంబాలకు కొత్త కాదు. ఒకరు నమ్మి ఇచ్చినదాన్ని చెడకుండా తిరిగి ఇవ్వడం అది. ఆఫీసర్ సీటులో కూర్చున్నప్పుడు తెలిసిన సంగతి కూడా అలాంటిదే, ఆయన సొంతం కాదు. జిల్లా హద్దులు ఇంకా మారుతాయి, నంబర్లు మారుతాయి, ప్రభుత్వాలు మారుతాయి. తాత అర్జీ మీద మనవడు మళ్లీ మొదటి నుంచి కథ చెప్పాల్సిన రోజు పోతేనే ఈ మార్పులన్నీ పరిపాలన అనిపించుకుంటాయి.